గుడ్డికంటికి కిటికీ

జూన్ 3, ఉదయం 7
నైట్ షిఫ్ట్ దిగి వచ్చాను. పటాన్‌చెరు ప్లాంటులో రాత్రంతా టాబ్లెట్లు ప్యాక్ చేసి కళ్లు మండుతున్నాయి. ఇలా వాలానో లేదో పక్క గదిలోంచి అత్తమ్మ కేక. తెల్లారిందట, చాయ్ కావాలట. పన్నెండేళ్లుగా రెండు కళ్లూ కనిపించవు. రేచీకటితో మొదలై మొత్తం పోయింది. అయినా రోజూ పొద్దు పొడవగానే ఠంచనుగా లేస్తుంది. చూపున్న నాకే నిద్ర లేదు. కుళ్లుగా ఉంది.

జూన్ 9
అత్తమ్మను వెనక సామాన్ల గదికి మార్చాం. అక్కణ్ణుంచి కేక వినపడదు. గదికి కిటికీ లేదని మా ఆయన చంద్రకాంత్ నసిగాడు.
"గుడ్డికంటికి కిటికీ ఎందుకు?" అన్నాను. మంచం ఆయనే మోసి లోపల వేశాడు.

జూన్ 10
ఎనిమిది గంటలు పడుకున్నాను. స్వర్గం.

జూన్ 26
అత్తమ్మ నిద్రవేళ రోజుకింత జరిగిపోతోంది. అర్ధరాత్రి అన్నం అడుగుతోందట. మధ్యాహ్నం లేచి తెల్లారిందా అని నా తలుపు బాదుతోంది. చంద్రకాంత్ పరేషాన్.

జూలై 2
సంగారెడ్డిలో కళ్ల డాక్టరుకు చూపించాం. టార్చి వేయగానే అత్తమ్మ కంటిపాప చిన్నదైంది. దొంగ ముసలిది, ఇన్నేళ్లూ నాటకమా అనుకున్నాను. డాక్టరునే అడిగేశాను కూడా. డాక్టరు నన్ను అదోలా చూశాడు. చూపునిచ్చే కణాలు చచ్చిపోయాయట. రెటీనాలో గాంగ్లియన్ సెల్స్ అని వేరే ఉంటాయట. వాటిలో కొన్ని వాటంతటవే వెలుగును పసిగడతాయట. మనిషిని, గోడను చూపించవు. పగలో రాత్రో ఒంటికి చెబుతాయి, అంతే. అత్తమ్మకు అవి బాగానే ఉన్నాయట. పొద్దున్నే ఎండలో కూర్చోబెట్టండి, కిటికీ ఉన్న గదిలో ఉంచండి, నిద్ర దారికొస్తుంది అన్నాడు.
మా ఊరు ముత్తంగి దాకా ఆటోలో అత్తమ్మ ముఖం ఎండ వైపే పెట్టుకుని కూర్చుంది. నాకు సిగ్గేసింది.

జూలై 4
పాత గదికి మారుద్దామన్నాడు చంద్రకాంత్. నా నైట్లు అయిపోనీ అన్నాను. పొద్దున ఏడింటికి ఆయన డ్యూటీకి పోతే ఎండలో కూర్చోబెట్టాల్సింది నేనే. నేనూ మనిషినే.

జూలై 6
పగలు పదకొండు. తలుపు బాదింది. నిద్రమత్తులో నోటికొచ్చింది అనేశాను.
"ఇంకా రాత్రే అత్తమ్మా, పండుకో."
"మరి నువ్వు డ్యూటీకి పోలేదా?"
సెలవన్నాను.
"అయ్యో, నీ నిద్ర ఖరాబు చేస్తిని బిడ్డా" అని గోడ పట్టుకుని వెళ్లిపోయింది. నేను సాయంత్రం దాకా పడుకున్నాను.

జూలై 19, పగలు 12
తెల్లారిందా అని అడిగింది. ఇంకా లేదన్నాను. ఇవాళ ఇది మూడోసారి.