పరిశ్రమాధిపతి సంతకం

తమ్ముడికి,

పోయినేడు ఫ్యాక్టరీవాళ్లు మీ బావ నడిపే ప్రెస్ మిషను ఆయన పేరనే రాసిచ్చి, కాగితంలో ఆయన్ని ఇండస్ట్రియలిస్ట్ అన్నారు. అర్థం అడిగితే పరిశ్రమాధిపతి అని నువ్వే చెప్పావు. ఎంత నవ్వుకున్నామో! "పరిశ్రమాధిపతిగారూ, కాస్త ఆ బకెట్ అందుకోండి" అని రోజూ ఆటపట్టించేదాన్ని. ఆయన మురిసిపోయి ఆ కాగితానికి ఫ్రేము కట్టించారు.

మొన్న సోమవారం ఆ మిషనులోనే ఆయన కుడిచెయ్యి మణికట్టు దాకా నలిగిపోయింది. ఆస్పత్రిలో చెయ్యి తీసేశారు. నష్టపరిహారం అడగడానికి వెళ్తూ, అక్కడ పనిచేస్తున్నట్టు రుజువుంటుందని ఆ ఫ్రేము నేనే పట్టుకెళ్లాను. మేనేజరు నాకు కుర్చీ వేయించి, ఆ కాగితం చదివాడు. "నష్టపరిహారం కూలీలకిచ్చేదమ్మా. ఓనరుకి ఎవరిస్తారు?" అన్నాడు.

ఇండస్ట్రియలిస్ట్ అన్న మాటకి ఇంకేదైనా అర్థం ఉందేమో చూడమని రాద్దామనుకున్నా. వద్దులే. నువ్వు సరిగ్గానే చెప్పావు, బాధపడకు.

ప్రమాదానికి బాధ్యత తనదేనని ఓనరుగా మీ బావే సంతకం పెట్టాలట. లేకపోతే ఇక పని ఇవ్వరట. ఆ మిషను దగ్గర ఇకమీదట కూర్చోవాల్సింది నేనే కదా!

మీ బావ ఎడంచేత్తో సంతకం నేర్చుకుంటున్నారు. పేరు వంకరటింకరగానైనా వస్తోంది. దాని కింద ఇండస్ట్రియలిస్ట్ అని కూడా ఉండాలట. ఆ మాట ఇంగ్లీషులో పెద్ద పెద్ద అక్షరాలతో రాసి పంపు, దిద్దుకుంటారు.

అక్క