ఇంకా ఆకుపచ్చే

ఫిబ్రవరి 1, ఆదివారం

హాల్లో గాజుతొట్టి పెట్టాను. నాలుగడుగుల పొడవు. ఉప్పునీళ్లు, సముద్రపు రాళ్లు, హీటర్, పంపు అన్నీ అమిరాయి. చేప మాత్రం లేదు. మా ఆవిడ వచ్చి చూసి, లంచమా అంది.

లంచమే. మా పెళ్లై నాలుగు నెలలైంది. ఆవిడ కూతురికి పదిహేనేళ్లు. నన్ను ఏ వరసా పెట్టి పిలవదు. తప్పనిసరైతే ఇదిగో అంటుంది. వాళ్ల నాన్న వేరే ఊళ్లో పెద్ద ఇల్లు తీసుకుని, నా దగ్గరికి వచ్చెయ్ అంటున్నాడు. పరీక్షలయ్యాక చెప్తానని అక్కడా చెప్పింది, ఇక్కడా చెప్పింది. ఊ అంటే మార్చి ఆఖరి ఆదివారం ఆయన కారు తీసుకుని వస్తాడు.

మొన్న బజారులో చేపల షాపు ముందు ఈ పిల్ల ఆగిపోయింది. తెల్లచారల చేపల జంట. ఒళ్లంతా నారింజరంగట. ఎంత పిలిచినా కదల్లేదు. ఆ జంట మా ఇంట్లో ఈదుతుంటే వదిలి వెళ్లదని నా లెక్క. లెక్క తప్పితే మా ఆవిడ మొహం ఎలా చూడాలో తెలియదు.

ఫిబ్రవరి 3, మంగళవారం

షాపాయన చేపలు ఇప్పుడే ఇవ్వనన్నాడు. కొత్త నీళ్లలో వేస్తే వాటి మలమే వాటికి విషమవుతుందట. ఆ విషం అమ్మోనియా. దాన్ని తినే బాక్టీరియా ముందు రాళ్లలో పెరగాలి. దీన్నే సైక్లింగ్ అంటారట. నెల పడుతుంది, ఇంకా పట్టొచ్చు, ఆగలేకపోతే చేపల మొప్పలు కాలి చస్తాయి అన్నాడు. బాక్టీరియాకు మేతగా చిన్న సీసాలో అమ్మోనియా ఇచ్చాడు. టెస్ట్ కిట్ కూడా ఇచ్చాడు. గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి రంగు చూడాలి. ఆకుపచ్చైతే విషం ఉన్నట్టు. పసుపైతే పోయినట్టు.

గొంతులో వెలక్కాయ పడింది. నా కళ్లకు ఆ రెండూ ఒకటే. బేకరీలో ఇన్నేళ్లుగా రొట్టె కాలిందో లేదో అడుగున తట్టి, చప్పుడు విని చెప్తున్నాను. నీళ్లని ఎక్కడ తట్టను?

ఫిబ్రవరి 5, గురువారం

కిటికీ దగ్గర చూశాను. ట్యూబులైటు కింద చూశాను. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. మా ఆవిడకి ఆస్పత్రిలో సాయంత్రం డ్యూటీ. ఇంట్లో ఉన్న ఇంకో జత కళ్లు ఆ పిల్లవే.

తలుపు కొట్టాను. ఓ సందు తెరుచుకుంది. చెయ్యొకటి బయటికొచ్చింది, గొట్టం లోపలికెళ్లింది. ముదురాకుపచ్చ అంది. గొట్టం బయటికొచ్చింది. తలుపు పడింది.

ఫిబ్రవరి 6

ఆకుపచ్చ.

ఫిబ్రవరి 9, సోమవారం

ఆకుపచ్చ. రంగులు కనపడవా అని అడిగింది. కొన్ని కనపడవన్నాను. మరి సిగ్నల్ దగ్గర ఎలా అంది. పైన వెలిగిందా కింద వెలిగిందా చూసుకుంటానన్నాను. ఇవాళ తలుపు వెంటనే పడలేదు.

ఫిబ్రవరి 17, మంగళవారం

తలుపు తీసే ఉంది. అయినా కొట్టాను. మర్యాద.

గొట్టాన్ని తెల్లకాగితం ముందు పెట్టి చూసింది. అలా చూస్తేనే తెలుస్తుందట, కిట్ కాగితం మీద రాసి ఉందట. నేను చదవలేదని కనిపెట్టేసింది. రొట్టెలో బొక్కలెందుకు పడతాయి అని అడిగింది. ఈస్టు గురించి చెప్పాను. చాలాసేపే చెప్పినట్టున్నాను. మధ్యలో ఆవలించింది గానీ పొమ్మనలేదు.

ఫిబ్రవరి 26, గురువారం

రంగు బాగా తగ్గిందట! లేతాకుపచ్చ, దాదాపు పసుపేనట. ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, ఇంకో రెండ్రోజులు ఓర్చుకో తల్లీ, చేపలొచ్చాక నీ తలుపు కొట్టి విసిగించను అన్నాను. గొట్టం నా చేతిలో పెట్టి పుస్తకం తెరిచింది. పరీక్షల బెంగ అనుకుంటా.

ఫిబ్రవరి 28

మళ్లీ ఆకుపచ్చ. ఏంటిది?

మార్చి 3, మంగళవారం

ఆకుపచ్చే. రాళ్లలో ఏదో కుళ్లి ఉంటుందని అన్నీ తీసి వాసన చూశాను. సముద్రం వాసన. అమ్మోనియా చుక్కలు వెయ్యడం మానేశాను. బేకరీలో కుర్రాళ్ల మీద అరిచాను. రొట్టెలు రెండు ట్రేలు మాడాయి, వాళ్ల తప్పు కాదు.

పిల్ల గదిలోకి వంటింటి కుర్చీ ఒకటి వచ్చింది. నిలబడి కాళ్లు నొప్పి పుట్టవా అంది.

మార్చి 10

ఆకుపచ్చ. మా ఆవిడ నిద్రపోవడం లేదు. పిల్ల వాళ్ల నాన్న మళ్లీ ఫోన్ చేశాడట. పిల్లకి అక్కడ గది కూడా సర్దేశాడట.

మార్చి 17, మంగళవారం

తల ప్రాణం తోకకొచ్చి, సీసాడు నీళ్లు పట్టుకుని షాపుకెళ్లాను. ఆయన టెస్ట్ చేసి నా వంక వింతగా చూశాడు. పసుపు అన్నాడు. విషం బొత్తిగా లేదు. దాన్ని తిన్నాక మిగిలేది మాత్రం దండిగా ఉంది. ఈ నీళ్లు రెడీ అయి రెండు వారాలు దాటింది, రోజూ రంగు ఎవరు చూస్తున్నారండీ అన్నాడు. నేనే అన్నాను.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ పిల్ల ఇన్నాళ్లూ నా కళ్లలో కారం కొట్టింది. చేపలు రాకూడదు, వస్తే ఉండాల్సొస్తుంది, అంతేగా? వెళ్లాలని ముందే అనుకుంది. వెళ్లేదేదో చెప్పి వెళ్లొచ్చుగా. గుడ్డివాణ్ణి చేసి ఆడుకోవడమెందుకు? దారంతా అనాల్సిన మాటలు కూర్చుకున్నాను. మంచి మాటలు కావు.

తలుపు బార్లా తీసి ఉంది. పిల్ల లేదు, స్నానాల గదిలో నీళ్ల చప్పుడు. బల్ల మీద పుస్తకాలన్నీ ఒక పక్కకి నెట్టి, మధ్యలో తెల్లకాగితం పరిచి ఉంది. దాని పక్కన నిన్న నేను తెచ్చిన బన్ను, సగానికి కోసి, రెండు ప్లేట్లలో. కుర్చీ మీదికి ఎక్కడి నుంచో మెత్త వచ్చింది.

కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు నేనే అన్నాను, చేపలొచ్చాక నీ తలుపు కొట్టనని. ఆ తర్వాతే మళ్లీ ఆకుపచ్చ అయింది.

వచ్చింది. గొట్టం ఏదీ అంది. మర్చిపోయానన్నాను. తనే వెళ్లి నీళ్లు పట్టి, మందు వేసి తెచ్చింది. కాగితం ముందు పెట్టి చాలాసేపు చూసింది. ఇంకా ఆకుపచ్చే అంది, నా వంక చూడకుండా. పర్లేదు, ఆగుదాం అన్నాను. సగం బన్ను తిన్నాను. ఏడుపొస్తే ఏడవాలి గానీ బన్ను తినకూడదు.

మార్చి 21, శనివారం

షాపాయన ఫోన్. ఆ జంటని ఇంకొకరు అడుగుతున్నారట. ఇచ్చెయ్యండి, నాకు తొందరలేదు అన్నాను. నీళ్లలో బాక్టీరియా ఆకలితో చావకుండా రోజూ చిటికెడు చేపల మేత వేస్తున్నాను, పిల్ల స్కూలుకెళ్లాక. మా ఆవిడకీ చెప్పలేదు.

మార్చి 27, శుక్రవారం

పరీక్షలు అయిపోయాయి. పిల్ల ఏమీ చెప్పలేదు. మా ఆవిడ డ్యూటీకి సెలవు పెట్టి, ఉతికిన బట్టలే మళ్లీ ఉతుకుతోంది. ఉండిపొమ్మని నన్ను అడగమంది. నేను అడిగితే మొహమాటానికి ఉండిపోతుంది, అలా వద్దన్నాను. అన్నానే గానీ, రంగు చెప్పించుకోవడానికి వెళ్లినప్పుడు నాలుక చివరిదాకా వచ్చింది.

మార్చి 28

అడగలేదు. రేపు ఆదివారం.

మార్చి 29, ఉదయం

మా గది తలుపు ఎవరో కొట్టారు. గొట్టం పట్టుకుని పిల్ల. ఇదిగో అంది. నాన్నని రావద్దని చెప్పానంది. ఇంకా ఆకుపచ్చగానే ఉంది, చాలా రోజులు పట్టేట్టుంది, రోజూ చూడాలి అంది.

కిటికీ వెలుగులో పెట్టి చూశాను. ఆకుపచ్చే.