దావా నెంబరు 14: ఒక సారీ

బిర్చ్ ఫోర్క్, జనవరి 9

నగర కార్యాలయంలో కూర్చునే అమ్మాయికి, చెరువు వీధి నుంచి ఆర్డిస్ ఎంగెబ్రెట్సన్ రాసేది.

నిన్న మంచు తోసేటప్పుడు మన లైల్ నడిపే నగరం లారీ నా ఉత్తరాల పెట్టెను పడగొట్టింది. పెద్ద విషయమేం కాదు. నాకు డబ్బు వద్దు. లైల్ ఒకసారి వచ్చి "సారీ ఆర్డిస్" అంటే చాలు. భార్య పోయినప్పటి నుంచీ, పదకొండేళ్లుగా ప్రతి శనివారం మా ఇంటికొచ్చి నాతో పేకాడతాడు. నేను మాట్లాడతాను, అతను ముక్కలు వేస్తాడు. ఇలాంటిది మధ్యలో ఉంటే ఆట సాగదు.

మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే "రాసి ఇవ్వండి" అన్నారు. రాశాను.

మీ ఊరి మనిషి,
ఆర్డిస్

తా.క.: పక్కనున్న మలుపు బోర్డు కూడా పడిపోయింది. అది మీదే కాబట్టి దాని సారీ మీలో మీరే చెప్పుకోండి.

---

నగర కార్యాలయం, జనవరి 13

గౌరవనీయులైన ఎంగెబ్రెట్సన్ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరాన్ని నష్టపరిహారపు దావాగా నమోదు చేశాను. నెంబరు 14. నేను ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది. మా ఇంట్లో బడికెళ్లిన మొదటిదాన్ని, అందుకే కాగితం మీద ఉన్నది పొల్లుపోకుండా పాటిస్తాను.

మనలాంటి నూట నలభై చిన్న ఊళ్లు తలా కొంత వేసుకుని ఒక ఉమ్మడి బీమా నిధి పెట్టుకున్నాయి. ఏ ఊరి మీద దావా పడినా నిధివాళ్లే విచారిస్తారు. వాళ్లు తేల్చేదాకా నగర ఉద్యోగులెవరూ తప్పు ఒప్పుకోకూడదు, క్షమాపణ చెప్పకూడదు, దావా వేసినవారితో మాట్లాడకూడదు. ఒక ఊరు నోరు జారితే మిగతా నూట ముప్పై తొమ్మిది ఊళ్ల నెత్తిన పడుతుంది. అందువల్ల లైల్ గారిని మీ ఇంటికి వెళ్లవద్దని చెప్పాను.

మీకు కలిగిన అసౌకర్యానికి చింతి

మీకు అసౌకర్యం కలిగిందని మీరు అనుకుంటున్నట్టు గమనించాము.

ఇట్లు,
పాకూ యాంగ్, గుమాస్తా

తా.క.: పైన సగంలో ఆపేసిన వాక్యాన్ని చదవనట్టే భావించగలరు.

---

చెరువు వీధి, జనవరి 26

అమ్మాయీ పాకూ,

నీ ఉత్తరం కాఫీ హోటల్లో తీసుకున్నాను. పెట్టె లేదుగా, పోస్టాయన అక్కడే ఇచ్చేస్తున్నాడు. నాకంటే ముందు నలుగురు చదివారు. ఐదో ఆయన కళ్లజోడు తెచ్చుకోలేదని పైకి చదివించుకున్నాడు.

నేను దావా ఎక్కడ వేశాను తల్లీ? సారీ అడిగానంతే! అది కూడా వద్దులే, వెనక్కి తీసేసుకుంటున్నాను. రెండు శనివారాలుగా లైల్ రావడం లేదు. నిన్న చర్చిలో ఎదురుపడితే "ఎలా ఉన్నావయ్యా?" అన్నాను. "ఆఫీసులో కనుక్కో" అంటూ కోటు కూడా తొడుక్కోకుండా వెళ్లిపోయాడు. బయట సున్నాకి కింద ఇరవై! ఆ మనిషి ఇంటికెళ్లి ఎవరితో కూర్చుంటాడు? నేనంటే కుక్కతో ఆడుకుంటున్నాను. అదే గెలుస్తోంది.

ఉంటాను మరి,
ఆర్డిస్

తా.క.: నీకని యాపిల్ కేకు పంపుతున్నాను. సన్నగా ఉంటావని పోస్టాయన చెప్పాడు.

---

నగర కార్యాలయం, జనవరి 30

గౌరవనీయులైన ఎంగెబ్రెట్సన్ గారికి నమస్కారాలు.

మీ దావాను వెనక్కి తీసుకోవడం కుదరదట. అదే చోట నగరం బోర్డు కూడా పడింది కాబట్టి విచారణ జరిగి తీరాలట. నిధి తరఫున ఒకాయన టేపు, కెమెరా పట్టుకుని మీ వీధికి వస్తారు. దయచేసి ఆయనకు ఏమీ తినిపించకండి.

దావా వేసినవారి నుంచి కానుకలు తీసుకోకూడదు కనుక కేకును నిధికి పంపాను. అందినట్టు రసీదు వచ్చింది. "చాలా బాగుంది" అని రసీదు అడుగున ఎవరో రాశారు.

ఇట్లు,
పాకూ యాంగ్

తా.క.: లైల్ గారు మీకొక కార్డు రాసి నా బల్ల మీద పెట్టి వెళ్లారు. అందులో ఒకే ఒక్క మాట ఉంది. ఆ మాటేమిటో నేను చెప్పకూడదు. అది ఇప్పుడు సాక్ష్యంగా ఫైల్లో ఉంది.

---

నగర కార్యాలయం, ఫిబ్రవరి 10

గౌరవనీయులైన ఎంగెబ్రెట్సన్ గారికి నమస్కారాలు.

విచారణ ముగిసింది. లైల్ గారి లారీ మీ వీధికి రాకముందే మీ పెట్టె పడి ఉండటం పోస్టాయన చూశారు. బోర్డు స్తంభానికి అంటుకున్నది నీలం రంగు, లారీది నారింజ. పైగా స్తంభం మీ వాకిలి వైపు నుంచి రోడ్డు మీదికి ఒరిగింది. నగరం తప్పేమీ లేదని తేలింది. ఫైలు మూసేశాం. లైల్ గారు ఇక మీ ఇంటికి రావచ్చు.

బోర్డు నగరం ఆస్తి కనుక, దాన్ని గుద్దిన నీలం బండి ఎవరిదో తెలిస్తే తెలపగలరు.

ఇట్లు,
పాకూ యాంగ్

తా.క.: ఫైలు మూశాక కార్డు ఎవరిదో వాళ్లకు ఇచ్చేయవచ్చట. జత చేశాను. ఆ మూల తడి మరక నాది.

---

చెరువు వీధి, ఫిబ్రవరి 16

పాకూ తల్లికి,

నీ ఉత్తరం చదివి గ్యారేజీలోకి వెళ్లి నా బండి వెనకవైపు చూశాను. అక్కడేం కనిపించిందో రాయను. జనవరి ఎనిమిదో తేదీ తెల్లవారుజామున బండి వెనక్కి తీస్తుంటే దడ్‌మంది, మంచుగడ్డేలే అనుకున్నాను. అని కూడా రాయడం లేదు. నా బండి రంగు నీకెవరైనా చెబుతారు.

వెంటనే కోటు తొడుక్కున్నాను, లైల్ దగ్గరికెళ్లి సారీ చెబుదామని. ఎందుకైనా మంచిదని ముందు నా కారు బీమావాళ్లకు ఫోన్ చేశాను. అవతల కుర్రవాడు కంగారుపడ్డాడు. "అమ్మా, మేం తేల్చేదాకా తప్పు ఒప్పుకోకండి! సారీ చెప్పకండి! ఆ నగరం వాళ్లతో అసలు మాట్లాడకండి!" అన్నాడు. కోటు విప్పేశాను.

శనివారం తలుపు చప్పుడైంది. లైల్. టోపీ చేతిలో పట్టుకుని "సారీ ఆర్డిస్" అన్నాడు. తన తప్పు లేదని తెలిసీ అన్నాడు! నాకేమో నోరు తెరిచే వీల్లేదు. కుర్చీ చూపించి ముక్కలు పంచాను.

ఒక ఆట అయిపోయింది, రెండోదానికి ముక్కలు పంచాను. నేను మాట్లాడకపోతే ఎవరో ఒకరు మాట్లాడాలి కదా. లైల్ మొదలుపెట్టాడు. ముందు మంచు గురించి, తర్వాత లారీ గురించి. ఆ తర్వాత వాళ్లావిడ గురించి. పదకొండేళ్లలో ఆమె పేరు అతని నోట వినడం అదే మొదలు. కాఫీ మూడుసార్లు కాచాను. వెళ్లేటప్పుడు "ఇవాళ బాగా గడిచింది" అన్నాడు.

నీ మేలు కోరే,
ఆర్డిస్

తా.క.: బీమా కుర్రవాడు మళ్లీ ఫోన్ చేశాడు, వారంలో తేల్చేస్తాడట. తొందరేం లేదు, వసంతం దాకా నింపాదిగా చూసుకోమన్నాను.