రాత్రి మేడం ఏం తిన్నది?

అశోక్‌నగర్,
మంగళవారం

చి.సౌ. సుహాసినికి నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ‘ఇద్దరం’ అన్న మాట నీకు గుచ్చుకుంటుందని తెలిసే రాశాను. నాగపూర్‌లో నువ్వూ, అల్లుడుగారూ, నా మనవరాలు కీర్తనా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా ఫోను ఎత్తవు గానీ ఉత్తరానికి మాత్రం జవాబు రాస్తావు. అది మీ అమ్మ పెంపకం.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. మోకాలు అలాగే ఉంది. ఫ్లాటు నా తదనంతరం నీదే, వీలునామా మార్చలేదు. ఆ సంగతి మా పెళ్లికి ముందే భూదేవికి చెప్పాను. ఇక ‘ఆ రంగూన్ వంటమనిషి’ అని రాశావు. ఆవిడ రంగూన్‌లో ఇరవయ్యేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పింది. విద్యానగర్‌లో పిన్నిని చూడ్డానికి వచ్చి, పొద్దు గడవక చిక్కడపల్లి లైబ్రరీకి వచ్చేది. ఒకరోజు పక్క కుర్చీలోంచి వంగి, నా చేతిలోని పుస్తకంలో అచ్చుతప్పు నాకంటే ముందు చూపించింది. ముప్ఫై ఏళ్లు పత్రికలో ప్రూఫులు దిద్దినవాణ్ని. అంత అవమానం జరిగాక పెళ్లి చేసుకోక ఏం చేస్తాను?

సంగతికొస్తాను. భూదేవి పుట్టుకతో తెలుగు మనిషే అయినా బర్మా పౌరురాలు. ఇక్కడ ఉండడానికి ఇచ్చిన గడువు నెలాఖరుతో అయిపోతుంది. నా భార్యగా దాన్ని పొడిగించమని అర్జీ పెట్టాం. పెళ్లి నిజమా, కాగితాల కోసం ఆడిన నాటకమా తేల్చుకోవడానికి విదేశీయుల నమోదు ఆఫీసువాళ్లు పోయిన గురువారం ఇంటర్వ్యూకి పిలిచారు. తేలకపోతే ఆవిడ వెళ్లిపోవాలి. అక్కడ ఆవిడకిప్పుడు ఇల్లూ లేదు, మనుషులూ లేరు.

ముందు ఆవిణ్ని లోపలికి పిలిచారు, తర్వాత నన్ను. వివాహవ్యవస్థ గురించి చదివిందంతా నెమరువేసుకుని వెళ్లాను. ఆఫీసరు పేరు బాలకిషన్. నలభై ఉండవు.

“పెద్దసారూ, మేడంను ఇంట్ల ఏమని పిలుస్తరు?”

“ఇదిగో అంటాను.”

“ఇదిగోనా? ముద్దుపేరా?”

“పేరు కాదు బాబూ, పిలుపు.”

ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఒక అక్షరం తప్పు రాశాడు. చెప్పాను.

“అది ఇడిసిపెట్టుండ్రి సార్. మీ పెండ్లి సంగతి చూద్దాం. నిన్న రాత్రి మేడం ఏం తిన్నది?”

నాకు అర్థం కాలేదు. “నేను తిన్నదా?”

“మీరు తిన్నది మేడం చెప్పింది. రెండు రొట్టెలు, సొరకాయ కూర. మజ్జిగల ఉప్పు ఎక్కువైందన్నరంట. మేడం ఏం తిన్నదో చెప్పుండ్రి.”

“నేను తిని లేచాక తింటుంది. నాకెలా తెలుస్తుంది?”

“గప్పుడు మీరేం చేస్తరు?”

“చదువుకుంటాను.”

ఆవిడకేం ఇష్టం, ఏది పడదు, ఏ మందు వేసుకుంటుంది, ఇలా పదకొండు ప్రశ్నలు. భూదేవి నా గురించి అన్నీ చెప్పింది. నేను మూడు చెప్పాను. బాలకిషన్ పెన్ను కింద పెట్టాడు.

“ఏమనుకోకుండ్రి సార్. దొంగ పెండ్లిళ్లోళ్లు బట్టీపట్టి వస్తరు. ఇద్దరికీ అన్నీ తెలుస్తయి. మీకేమో సగం గూడ తెల్వదు. ఇది అసలుదో కాదో నాకే సమజ్ అయితలేదు.”

నాకూ కాలేదు. పద్దెనిమిదిన మళ్లీ రమ్మన్నాడు. ఈ పెళ్లి తెలిసిన ఇంటి మనిషి సంతకంతో ఉత్తరం తెమ్మన్నాడు. “బిడ్డ ఉన్నదిగద, ఆమె రాస్తే సాలు” అన్నాడు.

తిరిగొస్తూ నారాయణగూడలో ఆటో ఆపించి హోటల్‌కి తీసుకెళ్లాను. సర్వరు నిలబడి ఉండగా, “నీకేం ఇష్టం?” అని అడిగాను. భూదేవి నా మొహం చూసి, “ఆఫీసరుగారు అడిగితే సెప్తాను లెండి” అంది. నవ్విందో, ఏడ్చిందో తెలియలేదు. సర్వరుతో మాత్రం ఇడ్లీ అంది. అది ఇష్టమో, మెత్తగా ఉంటుందని నా పళ్ల కోసమో తేల్చుకోలేకపోయాను.

ఇక అసలు మాట. మీ అమ్మ పోయిన పదో రోజున, ‘అమ్మకిష్టమైనవి వండాలి, ఏం వండను నాన్నా?’ అని అడిగావు. గుత్తివంకాయ అన్నాను. అది నాకిష్టం. ముప్ఫై ఎనిమిదేళ్లలో మీ అమ్మ ఏం తినేదో నేను చూడలేదు. నువ్వు ఏడుస్తూ వండావు. నేను మారు వడ్డించుకున్నాను. నువ్వు తెలియక అడిగావో, తెలిసే నన్ను పరీక్షించావో ఇప్పటికీ తెలియదు. ఇంత చదివీ ఇలా ఎలా ఉండిపోయానో అదీ తెలియడం లేదు.

ఆ ఉత్తరం అడిగే హక్కు నాకు లేదు. అయినా అడుగుతున్నాను. మీ నాన్న మంచి మొగుడని రాయకు. ఆ అబద్ధం ఆఫీసు ఫైల్లో ఉండిపోతుంది. ఆవిడ ఈ ఇంటి మనిషి అని రాయి. నా తెలివితక్కువతనానికి ఆవిణ్ని దేశం దాటించడం న్యాయం కాదు. రాయకపోతే ఏమీ అనుకోనని రాద్దామనుకున్నాను. అనుకుంటాను.

మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయింది. నేను తిని వచ్చి ఇది రాస్తున్నాను. లోపల కంచం చప్పుడవుతోంది. ఇందాక లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లి, చూస్తే ఏమనుకుంటుందోనని తిరిగొచ్చాను. ఇప్పుడు మళ్లీ లేస్తున్నాను.

ఇట్లు
మీ నాన్న,
ధర్మారావు