హెడ్‌లైట్లో నువ్వు కట్టిన పొట్లం

బాపూ,

నువ్వు లేని మొదటి వానలకే మన కారు హెడ్‌లైటు లోపల చెమ్మ పట్టింది. బయట ఎంత తుడిచినా పోలేదు. ఇంద్రేశంలో మెకానిక్ లైటు వెనక మూత విప్పితే, దారంతో కట్టిన చిన్న పొట్లం బయటపడింది.

"గిది మాత్రల డబ్బాలల్ల వేసే పొట్లం అక్కా, తేమ పీలుస్తది. ఎవలు పెట్టిండ్రు?"

"మా బాపు. పాశమైలారంల మందుల కంపెనీల చేస్తుండె."

"ఏడాదికోసారి మారుస్తుండె కావచ్చు. ఇగ ఇది పనిచెయ్యది."

వానలు మొదలైన ఆదివారం నువ్వు బానెట్ ఎత్తి వంగి ఉండేవాడివి. చర్చికి ఆలస్యమవుతోందని అమ్మా నేనూ ఏటా అరిచేవాళ్లం. ఏం చేస్తున్నావో నువ్వెప్పుడూ చెప్పలేదు.

ఈ ఆదివారం బానెట్ ఎత్తి, కొత్త పొట్లం నేనే కట్టి పెట్టాను. అమ్మ బైబిలు పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. జల్దీ రమ్మని ఒక్కసారి కూడా అనలేదు.