క్యారెట్ పడవ, మే నెల కెరటాలు

ఏప్రిల్ 20, ఆదివారం

పడవ వచ్చింది. అచ్యుతాపురం నుంచి ట్రాలీ ఆటో మీద, సగం బయటికి వేలాడుతూ. ఆరెంజ్ రంగు, ప్లాస్టిక్. ఒకరి వెనక ఒకరు ఇద్దరు కూర్చునేది. కయాక్ అంటారట. ఇంజను లేదు కాబట్టి రెండు నెలల చేపల వేట నిషేధంలోనూ వేసుకెళ్లొచ్చని మా ఆయన సింహాద్రి బావ ఆశ. విశాఖలో ఎవరో సరదాపడి కొనుక్కుని, సరదా తీరాక అమ్మేశాడు.

ఫైబర్ బోట్లన్నీ ఒడ్డెక్కి ఉన్నాయి. మగాళ్లందరూ ఖాళీ. ఊరంతా మా వాకిట్లోనే. బావ కళాసీగా వలలు లాగడానికి వెళ్లే బోటు తాతారావు మామది — ఆయన పడవ చుట్టూ తిరిగాడు, వేలితో టక్కుటక్కున కొట్టాడు.

"ఏట్రా సింహాద్రీ, క్యారెట్ లాగుంది."

అంతే. పేరు ఖాయమైపోయింది.

అత్త నాచేత పసుపు కుంకుమ పెట్టించింది. ప్లాస్టిక్‌కి అంటితేనా... పెడుతుంటే జారిపోతోంది. చివరికి నా నుదుటి మీది స్టిక్కరు పీకి పడవ ముక్కుకి అంటించింది.

ఏప్రిల్ 21

నిన్నంతా నవ్వు. ఇవాళ నవ్వు లేదు.

బోటయితే పదిమంది కలిసి తోస్తారు. ఇక్కడ బావ ఒక్కడే. మొదటి కెరటం దాటాడు. ఈలలు. రెండోది వచ్చేసరికి పడవ అడ్డం తిరిగింది — మనిషి కింద, పడవ పైన. లేచి నిలబడేలోగా మూడో కెరటం అదే పడవను తెచ్చి బావ జబ్బ మీద కొట్టింది.

ఎముక విరగలేదన్నాడు డాక్టరు. బెణికింది. చెయ్యి మెడకు వేలాడుతోంది. మానేదాకా తెడ్డు పట్టకూడదు.

"సిన్నప్పటి నుంచీ సముద్రం మీదే ఉన్నాను. ఈ క్యారెట్టు నా పరువు తీసేసింది" అంటాడు.

ఏప్రిల్ 27, ఆదివారం

పడవ వాకిట్లోనే ఉంది. కోడి దాని మీదెక్కి కూస్తోంది. అత్త అనకాపల్లి బజారుకి ఎండు చేపలే పట్టుకెళ్తోంది. పచ్చి చేప కంటికి కనపడి పది రోజులు దాటింది.

పడవ నేను తీసుకెళ్తానన్నాను.

"నాకు ఈతొచ్చు బావా."

"నూతిలో ఈత."

"నూతిలోవి నీళ్లు కావేటి?"

"నూతికి కెరటాలుంటాయేటే?"

ఎస్. రాయవరంలో మా చెరుకు తోట నూతిలో అన్నయ్యల కంటే ముందు దూకిందాన్ని నేను. ఆ మాటా అన్నాను. బావ నవ్వాడు. అత్త చింతపండు పిక్కలు తీస్తూ, తల ఎత్తకుండానే —

"ఎల్లనీరా. ఓ పాలి తిరగబడితే అదే మానేత్తాది."

మానను.

ఏప్రిల్ 29

నేను ప్యాకింగ్ పని చేసే కంపెనీలో ఈ వారం బి షిఫ్టు, మధ్యాహ్నం నుంచి. పొద్దుటి పూట నాదే. మోకాలి లోతులో నిలబడి పడవను పట్టుకోవడం, ఎక్కడం, పడటం. లైఫ్ జాకెట్ బిగించి. తెడ్డుకి తాడు, తాడు పడవకి.

బావ ఒడ్డు మీద, ఒంటి చేత్తో మాస్టారు. ముక్కు ఎప్పుడూ కెరటానికి ఎదురుగా ఉండాలి. పడవకీ ఒడ్డుకీ మధ్య మనిషి నిలబడకూడదు. "నిలబడితే ఏటవుద్దో నా జబ్బ సూడు."

ఏప్రిల్ 30

ముక్కులో ఉప్పు. చెవిలో ఇసక. అన్నం తింటున్నా ఇసకే కరకరలాడుతోంది.

మే 2

తాతారావు మామ ఇంటికి వచ్చాడు. కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి, నాతో కాదు, తనకి అక్క వరసయ్యే అత్తతో —

"అప్పా, ఆడకూతురు సముద్రం మీదకెల్తే గంగమ్మ ఊరుకోదు. నా మాట కాదు. రేపు బోట్లు దిగేక సింహాద్రిని ఎక్కించుకోడానికి మిగతా కళాసీలు ఒప్పుకోవాల కదా."

అత్త నెమ్మదిగా అంది: "గంగమ్మని నువ్వడిగేవేటి తాతారావూ? ఏటందేటి?"

మామ గుమ్మం దిగి వెళ్లిపోయాడు.

అత్త మాటకి నవ్వొచ్చింది కానీ... బావ పని పోతే? వలలు, బోటు, ఆ మనుషులు తప్ప బావకి వేరే లోకం లేదు. నాలాగా కంపెనీ బస్సెక్కమంటే ఎక్కుతాడా?

"మానెయ్యమంటే మానేత్తాను" అన్నాను.

బావ మెడకున్న కట్టు సర్దుకున్నాడు. తర్వాత — "నేను మానెయ్యమన్ననా? రేపు నీరు ఎప్పుడు ఎనక్కి తీత్తాదో సూసి సెప్తాను."

మే 4, ఆదివారం

ఊరంతా ఒడ్డు మీదే. వేరుశనక్కాయలు కూడా తెచ్చుకున్నారు. నా తిప్పలే వాళ్లకి సినిమా.

వెనక సీట్లో కూర్చున్నాను. తెడ్డు వేశాను. మొదటి కెరటం వచ్చింది — క్యారెట్ ముక్కు లేచింది, ఇంకా లేచింది, నిట్టనిలువుగా నిలబడింది. కాళ్ల పైన ఆకాశం. తర్వాత నీళ్లు.

"నిలబడిందిరోయ్ క్యారెట్టు!" అని ఎవడో.

తేలాను. కళ్లు తెరిచేసరికి పడవ నా మీదకే వస్తోంది. పక్కకి తప్పుకోవాలని తెలుసు, కాళ్లు కదలవు. ఇంతలో ఎవరో పడవ ముక్కు తాడు పట్టుకుని అవతలికి లాగేశారు. చూస్తే తాతారావు మామ! నడుం దాకా తడిసిపోయాడు.

"పడవకీ ఒడ్డుకీ మజ్జిన నిలబడకని నీకెవులూ సెప్పలేదేటి?"

తాడు బావ చేతిలో పెట్టి, లుంగీ పిండుకుంటూ వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

మే 5

అత్త పడవ చుట్టూ తిరిగి తేల్చేసింది. "ముందు బరువు లేదే. ఎనకాల నువ్వు కూకుంటే ముక్కు లెగదా మరి?"

మంచినీళ్ల డబ్బాలో ఇసక నింపి ముందు సీట్లో కట్టాం. నాకు తోడుగా ఇసక డబ్బా. నాకన్నా బుద్ధిగా కూర్చుంది.

మే 7

ఎప్పుడు బయల్దేరాలన్నది ఇంకా అంతుపట్టడం లేదు. కెరటాలన్నీ ఒక్కలాగే కనిపిస్తున్నాయి నాకు. అత్త పక్కన నిలబడి చూపించింది.

"పెద్దవి వరసగా వత్తాయి. అయి అయిపోయేక సముద్రం గుక్క తిప్పుకుంటాది. సూడు... సూడు... అదిగో. అప్పుడెల్లాల."

ఎలా తెలుసని అడిగాను.

"మీ మామయ్య బోటు వొచ్చీదాకా ఇక్కడ నిలబడి నిలబడి. ఇంకేటి సూత్తాను?"

మామయ్య జ్వరమొచ్చి పోయాడు, నా పెళ్లికి ముందే. ఆయన ప్రతిసారీ క్షేమంగా ఒడ్డుకి వచ్చిన మనిషేనని అత్త గొప్పగా చెప్పుకుంటుంది.

ఒప్పందం — అత్త చెయ్యెత్తి ఉంచితే ఆగాలి. దించితే వెళ్లాలి.

మే 11, ఆదివారం

దాటాను!

ముందు నుంచి రాస్తాను. నడుం లోతులో పడవ పట్టుకుని నిలబడ్డాను. అత్త చెయ్యి పైన. పెద్దవి ఒకదాని వెనక ఒకటి వచ్చి విరుగుతున్నాయి. నురగ మొహం మీద కొడుతోంది. ఇక చాలు, రేపు చూద్దాం అనుకుంటుండగా చెయ్యి దిగింది.

ఎక్కాను. తెడ్డు. తెడ్డు. తెడ్డు. ఒకటి లేస్తోంది ఎదురుగా, ఇంకా విరగలేదు — ముందుకి వంగాను, క్యారెట్ దాని నెత్తినెక్కి అవతలి వైపు ధబ్‌మని పడింది. ఇంకోటి. దాని మీద నుంచీ అంతే. ఆగకుండా తెడ్డు.

ఆ తర్వాత చప్పుడు లేదు.

కెరటాల చప్పుడంతా నా వెనక ఉండిపోయింది. నీళ్లు పడవను ఎత్తుతున్నాయి, దించుతున్నాయి, అంతే. పసిపిల్లని ఊపినట్టు. ఒడ్డు చిన్నగా. కంపెనీ పొగగొట్టాలు ఇంకా చిన్నగా — ఎనిమిది గంటలు నన్ను నిలబెట్టే కంపెనీ అగ్గిపెట్టెంత. ఒక్కదాన్నే కూర్చుని గట్టిగా నవ్వాను. ఇసక డబ్బాకి తప్ప ఎవరికీ వినపడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆఖరి కెరటం ఎత్తి పడేసింది. నోటి నిండా ఇసకతో ఒడ్డు చేరాను. నవ్వుతూనే.

మే 13

ప్యాకింగ్ సెక్షన్‌లో గ్లౌజు తీస్తే సూపర్‌వైజర్ చూశాడు. అరచేతుల నిండా బొబ్బలు.

"ఏమైందమ్మా?"

"తెడ్డేశాను సార్."

"ఎవరింట్లో పెళ్లి?"

వంటల తెడ్డనుకున్నాడు పాపం. సరిదిద్దలేదు. బస్సులో గుర్తొచ్చినప్పుడల్లా నవ్వు.

మే 18, ఆదివారం

కానాగంత చేపలు! గేలపుతాడు వేసిన కాసేపటికే పడవంతా టపటపా. తీస్తున్నాను, వేస్తున్నాను. బుట్ట నిండింది. బుట్టను పడవకి గట్టిగా కట్టేసుకున్నాను — తిరగబడితే నేను పోయినా చేపలు పోకూడదని. తిరగబడలేదు.

అత్త అరగంటలో అనకాపల్లి బస్సెక్కేసింది. సాయంత్రం ఖాళీ బుట్టతో దిగింది. బజారులో ఏమని అరిచిందో తనే అరిచి చూపించింది —

"పచ్చి కానాగంతలు! మా కోడలు పట్టింది!"

ఎవరూ నమ్మలేదట. నమ్మకపోయినా కొన్నారట.

వెళ్లే ముందు ఒక గిన్నెడు తాతారావు మామ ఇంటికి పంపించింది. వద్దన్నాను. వినలేదు. రాత్రికి గిన్నె తిరిగొచ్చింది. కడిగి ఉంది. అందులో మామిడికాయలు. కబురు మాత్రం ఏమీ లేదు. దానికర్థం ఏమిటని బావా నేనూ చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. "మామిడికాయలంటే మామిడికాయలే. పప్పులో ఎయ్యి" అంది అత్త.

మే 20

అమ్మ ఫోన్. ఎవరో చెప్పేశారు.

"సెరుకు తోటలో పుట్టినదానివి నీకా సముద్రం ఏటే?" ఒకటే తిట్లు. తిట్టి తిట్టి చివర్లో — "ఏ సేపలు పడ్డాయి?"

మే 25, ఆదివారం

రోజూ అన్నం దగ్గర అత్త ఒకటే అడుగుతోంది. "ఎనక్కాల ఎలాగుంటాది?"

కెరటాల వెనక. నేను చెప్తాను — చప్పుడుండదు అత్తా, ఊపుతుంది, నీళ్లు వేరే రంగు. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న. ఇవాళ బుర్రకి తట్టింది.

"అత్తా, నువ్వెప్పుడూ వెళ్లలేదా?"

"నన్నెవులు తీసికెల్తారే? సేపలొచ్చీవి, అమ్మీదాన్ని. అయి ఎక్కడినుంచొచ్చీవో ఏటి తెలుసు."

పుట్టినప్పటి నుంచీ ఈ ఒడ్డే. చేతుల వాసన కూడా సముద్రమే. ఆ తెల్ల గీత దాటి ఒక్క అడుగు అవతలికి వెళ్లలేదు. నాకు తినబుద్ధి కాలేదు. అత్తకేం పట్టలేదు. చేప ముల్లు తీసి పక్కన పెట్టి —

"ఆ ఇసక డబ్బా సేసే పని నేను సెయ్యలేనేటే?"

బావ ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగిపోయాడు. "అమ్మా, నీకు ఈత రాదు."

"డబ్బాకొచ్చేటి?"

మే 28

బావ షరతు — ముందు గెడ్డలో తేలి చూపించాలి. ఆ వాగు సముద్రంలో కలిసే చోట కాదు, ఇవతల, నీళ్లు కదలని చోట. అత్తకి లైఫ్ జాకెట్ కట్టి దింపాం. కళ్లు గట్టిగా మూసుకుంది. తేలింది. ఒక కన్ను తెరిచింది. ఇంకో కన్ను. ఆ తర్వాత పైకి రమ్మంటే రాదు!

"ఓలమ్మ, కాళ్లు నేల మీద లేవే! కాళ్లు లేవే!"

గట్టు మీద బావ ఒక చెయ్యి నెత్తిన పెట్టుకుని నవ్వుతున్నాడు. తిరగేసి కూడా చూశాం — పడవ, అత్త, నేను. పైకొచ్చి, నీళ్లు ఉమ్మి, చీర సర్దుకుని "ఇంతేనా" అంది.

జూన్ 1, ఆదివారం

గాలి మారింది. కెరటాలు ఇంటి చూరంత. వెళ్లలేదు.

జూన్ 8, ఆదివారం

ఇవాళా లేదు. అత్త అలిగింది. "సముద్రానికి నువ్వే సెప్పేవేటి, లెగమని?" అని నన్నంటుంది. గంజిలో ఉప్పు వెయ్యలేదు. కావాలనే.

జూన్ 11

బావ చెయ్యి బాగైంది. తాతారావు మామ బోటుకి రంగులేస్తున్నారు. వలలు సర్దడానికి కళాసీలని పిలిచారు. బావని ఇంకా పిలవలేదు. వద్దనీ అనలేదు. బావ మా ఇంటి వెనక కూర్చుని, చిరగని వలకి కూడా ముడులు వేస్తున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"నువ్వేటీ అనుకోకు. ఎల్లింది నువ్వు, గర్వం నాది" అన్నాడు. అని మళ్లీ ముడి వేస్తూ కూర్చున్నాడు.

జూన్ 13

ఇవాళ కాస్త తగ్గింది సముద్రం. రేపు రాత్రితో నిషేధం అయిపోతుంది. ఆదివారం తెల్లారేసరికి ఒడ్డంతా బోట్ల హడావిడి. రేపొక్క పొద్దే మాకు ఖాళీ.

చిక్కు ఒక్కటే. అత్త పడవలో ఉంటే ఒడ్డు మీద చెయ్యెత్తేదెవరు? పడవలో కూర్చుంటే నాకు కెరటాల వరస సరిగా కనపడదు. అత్త ఎక్కేదాకా బావ నీళ్లలో పడవ పట్టుకోవాలి.

చెప్పాపెట్టకుండా అత్త తాతారావు మామ ఇంటికి వెళ్లిపోయింది. నేను వెనకాలే పరిగెత్తాను. మామ అరుగు మీద వల విప్పుకుంటున్నాడు.

"రేపు నేను పడవెక్కుతన్నాను. ఎప్పుడెల్లాలో సెప్పీ మనిసి కావాల. నువ్వు రా."

మామ నోరు తెరిచాడు. "బుద్దుందా అప్పా? ఈ వయసులో?"

"వయసులో ఉన్నప్పుడు తీసికెల్లేవేటి మరి?"

మామ నా వైపు చూశాడు. వలలోకి చూశాడు. గంగమ్మ మాట ఎత్తలేదు. కళాసీల మాటా ఎత్తలేదు. చివరికి — "ఎన్ని గంటలకి?"

"తెలవారగానే."

"సూద్దాం" అన్నాడు. లేచి తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ 'సూద్దాం' ఏమిటో నాకు అర్థం కాలేదు. బావకీ కాలేదు.

జూన్ 14, శనివారం. ఇంకా వెలుగు రాలేదు

అత్త అందరికంటే ముందు లేచింది. చద్దన్నం తినేసింది. చీర గోచీ పోసి కట్టింది, దాని మీద లైఫ్ జాకెట్, తలకి నూనె. ఇసక డబ్బా విప్పి గుమ్మం పక్కన పెట్టేసింది. బావ పడవని చక్రాల బండి మీదకి ఎక్కిస్తున్నాడు.

సముద్రం చప్పుడు వింటున్నాను. పెద్దగానే ఉంది. మధ్యలో ఆగుతోంది... మళ్లీ పెద్దగా. ఒక్కదాన్నే అయితే ఇంత భయం లేదు.

కిటికీలోంచి ఒడ్డు మసకగా. అక్కడ ఎవరో నిలబడి ఉన్నట్టుంది. మనిషో, పాతిన గుంజో తెలియడం లేదు. కిటికీ బయట నిలబడ్డ అత్తకి చూపించాను. కళ్లు చికిలించి చూసింది.

"మామేనా అత్తా?"

"అక్కడ కూకుని రాత్తా ఉంటే ఏటి తెలుత్తాదే? నడు."

పడవ ముక్కు దగ్గరి తాడు అప్పుడే ఆవిడ చేతిలో ఉంది.