అనుమానముంటే వదిలెయ్

చిట్టితల్లికి బాబాయి ఆశీస్సులు.

బస్సుల కింద గుంటలో దిగి నట్లు బిగించీ బిగించీ నా మోకాళ్ళు అరిగిపోయాయమ్మా. మా డిపోలో సూపర్‌వైజర్ పోస్టు ఒకటి పడింది. పరీక్ష రాయాలట. ఈసారి తప్పితే రిటైరయ్యేదాకా నాకు గుంటే గతి. నువ్వు కోచింగ్ సెంటర్లో లాజిక్ పాఠాలు చెబుతావు కదా, నాలుగు చిట్కాలు రాసి పుణ్యం కట్టుకో. పాత పేపర్లో ప్రశ్న ఒకటి చూశాను: "బస్సులన్నీ ఎర్రగా ఉంటాయి. ఎర్రగా ఉన్నవన్నీ వేగంగా పోతాయి. అయితే?" అయితే ఏముంది, నా బొంద! మా మూడో నంబరు బస్సు తోస్తే గాని కదలదు.

ఇట్లు,
గుంటలోంచి బాబాయి

తా.క.: కిటికీకి ఏ రంగు కర్టెన్ కొందామని మీ పిన్ని వారంగా అడుగుతోంది. ఇంకా జవాబు చెప్పలేదు.

---

బాబాయికి నమస్కారాలు.

నువ్వు తప్పు చేసింది అక్కడే. కాగితం మీద ఉన్నదే నిజం, లేనిది ఊహించకు. మీ మూడో నంబరు బస్సుని పరీక్ష హాల్లోకి తోసుకురాకు. జవాబుల్లో "ఎప్పుడూ", "అందరూ" లాంటి మాటలుంటే చాలావరకు తప్పే, కొట్టెయ్. గడియారం చూసుకో, ఒక్క ప్రశ్న దగ్గరే కాపురం పెట్టకు. తప్పు జవాబుకి మార్కు కోస్తారు కాబట్టి, ఏమాత్రం అనుమానమున్నా వదిలెయ్.

నీ చిట్టి

తా.క.: మీ డిపో వాళ్ళంతా మా సెంటర్లోనే చేరారు. తెలియకపోతే కళ్ళు మూసుకుని "సి" పెట్టెయ్యమని వాళ్ళకి చెప్పాం. అది ఫీజు కట్టినవాళ్ళ చిట్కా, నీకు కాదు.

---

చిట్టికి బాబాయి దిగులుగా రాయునది.

నీ చిట్కాలు ఇంట్లోనే సాధన చేస్తున్నాను. "మీరెప్పుడూ నా మాట వినరు" అంది మీ పిన్ని. "ఎప్పుడూ" ఉంది కాబట్టి తప్పని కొట్టేశాను. "నాకు కోపమొచ్చిందని మొహం చూస్తే తెలియట్లేదా?" అంది. కాగితం మీద రాసిస్తేనే నమ్ముతానన్నాను. రాసిచ్చింది. "మా అక్క ఇంటికి పోతున్నాను" అని ఫ్రిజ్ మీద చీటీ పెట్టి పోయింది.

ఒంటరి బాబాయి

తా.క.: చీటీలో తిరిగి వస్తానని లేదు. లేనిది ఊహించకూడదు కదా? భయంగా ఉందమ్మా.

---

బాబాయ్!

మహానుభావా, అవి పరీక్షకి చెప్పిన చిట్కాలు, పెళ్ళానికి కాదు! ముందు వెళ్ళి, కాళ్ళావేళ్ళా పడి పిన్నిని తీసుకురా. ఇంతకీ మొన్నటి పరీక్ష ఎలా రాశావు?

తల పట్టుకున్న చిట్టి

తా.క.: వదిలెయ్యమన్నానని అన్నీ వదిలెయ్యలేదు కదా?

---

చిట్టితల్లికి ఆశీస్సులు.

అన్నీ వదిలేశాను. ఏ ప్రశ్న చూసినా మూడో నంబరు బస్సే కళ్ళముందుకొచ్చింది. అనుమానమొచ్చింది, వదిలేశాను. తెల్లకాగితం ఇచ్చి బయటికొస్తుంటే, ఇక నా మోకాళ్ళ పని అయిపోయిందని ఏడుపొచ్చింది.

నిన్న ఫలితాలొచ్చాయి. నాకు సున్నా. మీ సెంటర్ వాళ్ళంతా "సి" పెట్టీ పెట్టీ సున్నా కన్నా కిందికి పోయారు! పాసు మార్కు ఇంత అని నోటీసులో రాయడం మర్చిపోయారట. రాయనిది ఊహించకూడదని పై ఆఫీసు వాళ్ళు నన్నే ఫస్టన్నారు.

మీ పిన్నిని బతిమాలి తెచ్చుకున్నాను. "అడిగినదానికి జవాబు చెప్పని గుణానికి కూడా ఉద్యోగాలిస్తారా!" అని బుగ్గలు నొక్కుకుంది.

ఇట్లు,
గుంట పైనుంచి,
సూపర్‌వైజర్ బాబాయి

తా.క.: "డిపో ఫస్టు మా చిట్కాలతోనే" అని మీ సెంటర్ బోర్డు మీద నా ఫోటో వేశారు. రాసి ఉంది కాబట్టి నిజమేనని ఒప్పుకున్నాను.

ఇంకో తా.క.: ఉద్యోగం వచ్చిన ధైర్యంతో, కర్టెన్ పచ్చరంగుదైతే బాగుంటుందని మీ పిన్నికి జవాబు చెప్పేశాను. తప్పట. మార్కు కోసింది.